కచేరీలో శ్రోత వాటా



2011 అక్టోబర్ 30 రాత్రి బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా అనే అమెరికన్ రాక్ బృందం కచేరీ చేసింది. అంతకు రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ ఆగిపోయింది. కోపం పట్టలేని జనం అక్కడ వేదిక మీద పడి సామాను విరగ్గొట్టారు. బెంగళూరులో మాత్రం వాన, బురద లెక్కచేయకుండా వేల మంది నిలబడి విన్నారు. ఇప్పటికీ మన దేశంలో రాక్ సంగీతం వినేవాళ్ళు ఆ రాత్రిని తలచుకుంటూనే ఉంటారు. సరిగ్గా మర్నాడే ఆ బృందం కొత్త ఆల్బమ్ ‘లులు’ విడుదలైంది. వెడెకిండ్ అనే జర్మన్ రచయిత నాటకాల ఆధారంగా, లూ రీడ్ అనే పాత తరం గాయకుడితో కలిసి చేసిన గంటన్నర ఆల్బమ్ అది. దాన్ని అభిమానులు ఎంతగా తిట్టిపోశారంటే, రాక్ చరిత్రలో అన్ని తిట్లు తిన్న ఆల్బమ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బెంగళూరు వేదిక మీద ఆ ఆల్బమ్‌లోని పాట ఒక్కటీ వినిపించలేదు. మనుషులు వాళ్ళే, వాద్యాలు అవే, అభిమానులూ వాళ్ళే. ఆదివారం రాత్రి హారతి పట్టిన చేతులే సోమవారం రాళ్ళు విసిరాయి. అభిమానులకు నిలకడ లేదని కొట్టిపారేయడం తేలికే గానీ, అలా అంటే అసలు సంగతి మరుగున పడిపోతుంది. ఆ ఆదివారం అభిమానులు మాట్లాడింది తమకు హక్కున్న విషయం గురించి. సోమవారం మాట్లాడింది తమకు హక్కు లేని దాని గురించి. కచేరీలో శ్రోతకు వాటా ఉంది. ఆల్బమ్‌లో లేదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ తేడా మన విజయవాడ ప్రాంతం నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 2024 అక్టోబర్ 4న కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బృందం ‘మూన్ మ్యూజిక్’ ఆల్బమ్ విడుదల చేసింది. లండన్‌లో ఉన్నవాడి ఫోన్‌లోకి అది ఏ రోజు వచ్చిందో, ఇబ్రహీంపట్నం రింగు సెంటర్‌లో బస్సు కోసం నిలబడ్డ కుర్రాడి ఫోన్‌లోకీ ఆ రోజే వచ్చింది. వాడు పైసా అదనంగా ఖర్చు పెట్టలేదు, అడుగు కదపలేదు. నచ్చకపోతే బస్సు గొల్లపూడి దాటేలోపు వేరే పాటకు మారిపోవచ్చు. అదే బృందం 2025 జనవరిలో ముంబైలో మూడు రోజులు, అహ్మదాబాద్‌లో రెండు రోజులు కచేరీలు చేసింది. ముంబైలో టికెట్టు ధర 2,500 రూపాయల నుంచి 35,000 దాకా పలికింది. బ్లాకులో ఇంకెంత పలికిందో చెప్పనక్కర్లేదు. మన కుర్రాడు వెళ్ళాలంటే టికెట్టు దొరకాలి, రైల్లో బెర్తు దొరకాలి, పనిచేసే చోట సెలవు దొరకాలి, అక్కడ తలదాచుకోవడానికి చోటు దొరకాలి. ఇన్ని సమకూర్చుకుని వెళ్ళినవాడు తనకు ఇష్టమైన నాలుగు పాటలు వినపడాలని కోరితే అది అత్యాశ అనలేం. పైగా అతని గొంతు కలవకపోతే ఆ కచేరీకి నిండుదనం రాదు. స్టేడియంలో లక్ష మంది ఒకేసారి పల్లవి ఎత్తుకున్నప్పుడు పుట్టే ధ్వని ఏ బృందానికీ సొంతంగా చేతకాదు. వచ్చినవాళ్ళు చేసిన పని కూడా అందులో ఉంది కాబట్టే వాటా అంటున్నాను. అహ్మదాబాద్‌లో జనవరి 26 నాటి కచేరీని ఇంట్లో కూర్చుని హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా చూసినవాళ్ళకు కూడా పాటతో పాటు ఆ జనం గొంతు వినిపించే ఉంటుంది.

ఆల్బమ్ తయారయ్యే తీరు వేరు. తలుపులు మూసుకున్న గదిలో నలుగురు మనుషులు నెలల తరబడి కూర్చుని, తమకేం తోచిందో దాన్ని పట్టుకునే ప్రయత్నం అది. ఆ గదిలో అభిమానికి కుర్చీ లేదు. ఉండకూడదు కూడా. ఎందుకంటే అభిమానికి తెలిసినది నిన్నటి పాట. అతను రేపటి పాట అడిగినా నిన్నటి పాటలాంటిదే అడుగుతాడు. మెటాలికా చరిత్రే దీనికి సాక్ష్యం. 1991లో వాళ్ళు నల్ల అట్టతో ఒక ఆల్బమ్ తెచ్చారు. వేగం తగ్గింది, పాటల నిడివి తగ్గింది, రేడియోలో వేయడానికి వీలైన పాటలు వచ్చాయి. మొదటి నుంచీ వెంట ఉన్నవాళ్ళలో చాలామంది అమ్ముడుపోయారని ఈసడించారు. 1996లో ‘లోడ్’ వచ్చినప్పుడు జుట్టు కత్తిరించుకున్నందుకు కూడా తిట్లు పడ్డాయి. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’లో గిటార్ సోలోలు లేవని, డ్రమ్ము రేకు డబ్బాలా మోగుతోందని గోల. అదే ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది, దాని శీర్షిక పాటకు గ్రామీ వచ్చింది. ఇప్పుడు బెంగళూరు రాత్రిని మళ్ళీ గుర్తు చేసుకుందాం. ఆ రోజు జనం ఊగిపోయిన పాటల్లో ‘ఎంటర్ శాండ్‌మ్యాన్’, ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ ఉన్నాయి. రెండూ ఆ 1991 ఆల్బమ్‌లోవే. ఒకప్పుడు ద్రోహం అనిపించుకున్న పాటల్నే ఇరవై ఏళ్ళు గడిచాక పాతవి కావాలి, అవే పాడండి అని అడిగారు. 1991లో అభిమానుల మాట విని ఆ బృందం వెనక్కి తగ్గి ఉంటే, 2011లో అభిమానులకు అడగడానికి ఆ పాటలే ఉండేవి కావు.

ఇంతకంటే ముందు బాబ్ డిలాన్ ముచ్చట ఒకటి ఉంది. జానపద గీతాల గాయకుడిగా పేరు తెచ్చుకున్న డిలాన్ 1965 జులై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని వేదికెక్కాడు. సభలో ఈలలూ గోలలూ లేచాయి. మరుసటి ఏడాది మే నెలలో మాంచెస్టర్ కచేరీలో ఒక శ్రోత ఏకంగా క్రీస్తును పట్టిచ్చిన యూదాతో అతన్ని పోల్చి కేక వేశాడు. డిలాన్ బృందంతో గట్టిగా వాయించమని చెప్పి తర్వాతి పాట అందుకున్నాడు. ఆ కచేరీ రికార్డింగు 1998లో అధికారికంగా విడుదలైంది. ఆ కేకను అందులో చెరపకుండా ఉంచారు. తిట్టిన గొంతును కూడా ఆల్బమ్‌లో కలిపి అమ్మారు. కళాకారుడు ఎంత దూరం వెళ్ళాడో కొలవడానికి ఒక్కోసారి శ్రోత కోపమే కొలబద్ద అవుతుంది.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకు బెజవాడ ఉదాహరణే చెబుతాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఈ ఊళ్ళో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన సాక్షాత్తూ త్యాగరాజ స్వామి శిష్యుడు. ఇంత నేరుగా త్యాగరాజు దాకా వెళ్ళే గురుపరంపర ఉన్న మనిషి, ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మనిషి, నాలుగే స్వరాలతో మహతి అనీ లవంగి అనీ, మూడే స్వరాలతో సర్వశ్రీ అనీ కొత్త రాగాలు కట్టారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న నమ్మకంలో పెరిగిన విద్వాంసులు ఊరుకుంటారా? వీణ బాలచందర్ వంటివారు బాహాటంగానే ఆక్షేపించారు. శ్రోతల్లోనూ రెండు వర్గాలయ్యాయి. ఒకరికి అది అపూర్వం, ఇంకొకరికి అపచారం. చివరికి మహతి 1975లో ‘అపూర్వ రాగంగళ్’ అనే తమిళ సినిమాలో పాటగా వచ్చింది. పండితులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జనం చెవుల్లోకి ఎక్కింది. అలాగని ఆయన చేసిన ప్రతి ప్రయోగమూ నిలిచిందని నేను వాదించను. ఏది నిలుస్తుందో ఆ రోజు సభలో కూర్చున్నవాళ్ళు తేల్చలేరు, తేల్చే హక్కూ వాళ్ళకు లేదు అంటున్నాను.

దీనికి వెంటనే ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. ఆల్బమ్ కూడా డబ్బు పెట్టి కొన్నదే కదా, కొన్నవాడు బాగోలేదని అనకూడదా? అనవచ్చు, తప్పకుండా అనాలి. డ్రమ్ము రేకు డబ్బాలా మోగుతోందన్న మాట విమర్శే. పనితనం గురించిన మాట అది, చెవితో సరిచూసుకోవచ్చు, నిజమైతే ఒప్పుకోవచ్చు. పాతదానిలా లేదు అన్నది మాత్రం విమర్శ కిందకు రాదు. అది పాట గురించి ఏమీ చెప్పదు, విన్నవాడి అలవాటు గురించే చెబుతుంది. కొత్త ఆల్బమ్ వచ్చిన మొదటి వారంలో వినిపించే అభిప్రాయాల్లో ఈ రెండో రకమే ఎక్కువ. మొదటి రకం నింపాదిగా వస్తుంది, ఎందుకంటే అలా మాట్లాడాలంటే నాలుగైదు సార్లు వినాలి. మరో సంగతి కూడా చెప్పుకోవాలి. అభిమానుల కోపంలో సగం ప్రేమే అంటారు. నిజమే కావచ్చు. అయినా ప్రేమ ఉన్నంత మాత్రాన హక్కు పుట్టదు. నచ్చనివాడు కొనడం మానేయవచ్చు, ఆ స్వేచ్ఛ ఎప్పుడూ ఉంది. అంతకు మించి కళాకారుడి గదిలోకి వచ్చి స్వరం దిద్దుతానంటేనే ఇబ్బంది.

కచేరీ సంగతికి వద్దాం. శ్రోత వాటా అంటే ఏమిటో కృష్ణా డెల్టాలో పద్యనాటకం చూసినవాళ్ళకు వివరించి చెప్పాల్సిన పని లేదు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారంటే కథ తెలుసుకోవడానికి వచ్చేవాడు ఒక్కడూ ఉండడు. పద్యాలన్నీ జనానికి కంఠస్థం. నటుడు పద్యం ఎత్తుకుంటే కింద పెదాలు కదులుతుంటాయి. రాగం బాగా తీశాడా, ‘వన్స్‌మోర్’ అని కేక పడుతుంది. అతను మళ్ళీ పాడాల్సిందే. చచ్చిపడిన పాత్ర లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ పడిపోయిందనే హాస్యం నాటకాల వాళ్ళలో ఎప్పటినుంచో ఉంది. వన్స్‌మోర్ల వల్ల నాటకం చెడిందని విమర్శకులు విసుక్కున్నారు, అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ కేకలే లేకపోతే ఆ నాటకం ఊరూరా తిరిగి వందేళ్ళు బతికి ఉండేదా అన్నది కూడా ఆలోచించాలి. ఆ జంటకవుల్లో ఒకరైన, బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్ళపిళ్ళ వారి పద్యాన్ని పొలం పని చేసుకునేవాడి నోటికి చేర్చింది ఆ వన్స్‌మోరే.

ఈ వాటాను లెక్కచేయకపోతే ఏమవుతుందో చూపించిన బృందం ఐరన్ మెయిడెన్. 2006లో వాళ్ళు ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’ అనే ఆల్బమ్ తెచ్చి, ఆ ఏడాది కచేరీల్లో దాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుసగా వాయించారు. గంటకు పైగా సాగే సరికొత్త సరుకు అది. ఆ తర్వాత గానీ పాత పాటలు రాలేదు, అవీ కొన్నే. కొందరు అభిమానులు ఆ సాహసాన్ని మెచ్చుకున్నారు. మరికొందరు పాత పాటలు పాడమని కేకలు పెట్టారు. ఆ ఆల్బమ్ మీద నాకు గౌరవం ఉంది గానీ, ఈ తగవులో నా ఓటు కేకలు పెట్టినవాళ్ళకే. 2007 మార్చి 17న అదే బృందం బెంగళూరు వచ్చినప్పుడు కొత్త పాటలు కొన్నింటితో సరిపెట్టి పాతవి దండిగా వాయించింది. మనవాళ్ళకు అది మొదటి దర్శనం. ఇరవై ఏళ్ళుగా క్యాసెట్లు అరగదీసినవాళ్ళ ముందు కొత్త ఆల్బమ్ మొత్తం అప్పజెప్పి వెళ్ళిపోయి ఉంటే ఎంత అన్యాయంగా ఉండేదో ఊహించుకోవచ్చు.

వాటా అన్నాను కదా అని మొత్తం మాదే అంటే కుదరదు. 2017 జులై 8న లండన్ వెంబ్లీలో ఏ.ఆర్. రెహమాన్ కచేరీ జరిగింది. దానికి తమిళంలోనే పేరు పెట్టారు. తమిళ పాటలు ఎక్కువయ్యాయని హిందీ శ్రోతలు కొందరు మధ్యలో లేచి వెళ్ళిపోయారు, డబ్బు తిరిగి ఇవ్వమన్నారు. తర్వాత లెక్కగట్టినవాళ్ళు హిందీ పాటలే ఎక్కువని తేల్చారు. ఆ రోజు లేచి వెళ్ళినవాళ్ళు పక్క సీట్లో కూర్చున్నవాడి వాటా కూడా తమదే అనుకున్నారు. తెలుగువాళ్ళం ఇలాంటి చోట ఎప్పుడూ మౌనంగా కూర్చుంటామని గొప్పలు పోనక్కర్లేదు. మన వంతు రాలేదు, అంతే.

ఇక అన్నింటికంటే బలమైన అభ్యంతరం. కచేరీలో జనం అడిగిన పాతవే పాడుతూ పోతే బృందం తన పాటలకు తానే కాపలాదారు అయిపోతుంది కదా, కొత్త పాట ఎక్కడ బతుకుతుంది? ఈ చిక్కుముడిని కర్ణాటక సంగీతం ఎప్పుడో విప్పింది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గత శతాబ్దం తొలి భాగంలో స్థిరపరచిన కచేరీ పద్ధతి నేటికీ నడుస్తోంది. వర్ణంతో మొదలై, చురుకైన చిన్న కృతుల మీదుగా, విస్తారమైన ప్రధాన కృతికో రాగం తానం పల్లవికో చేరుతుంది. అక్కడ విద్వాంసుడు తన విద్యంతా చూపిస్తాడు, శ్రోత వినాల్సిందే. మృదంగం వాళ్ళ వంతైన తని ఆవర్తనం అయ్యాక చివరి భాగంలో పదాలు, జావళీలు, తిల్లానాలు వస్తాయి. అప్పుడు చీటీలు అందుతాయి, జనం కోరినవి పాడతాడు. బాలమురళి గారి సభల్లో ఆ చివరి భాగం కోసం, ఆయన సొంత తిల్లానాల కోసం ఎదురుచూసినవాళ్ళు ఎందరో. చిత్రం ఏమిటంటే, ఒకప్పుడు ఆయన కొత్తగా కట్టినవే చివరికి చీటీల మీదకు ఎక్కాయి. విద్వాంసుడి భాగం విద్వాంసుడికి, శ్రోత భాగం శ్రోతకు, రెండూ ఒకే మూడు గంటల్లో. రాక్ బృందాలు కూడా పేరు పెట్టకుండా చేస్తున్నది దాదాపు ఇదే. మెటాలికా బెంగళూరులో 2008 నాటి ఆల్బమ్ నుంచి రెండు పాటలు మధ్యలో పెట్టి, అందరూ అడిగేవి చివరికి దాచుకుంది. కొత్త పాట మధ్యలో బతుకుతుంది, పదేళ్ళకు చివరికి చేరుతుంది. చేరకపోతే అది దాని తలరాత.

ఈ లెక్క తెలుగు బృందాల దగ్గరకు వచ్చేసరికి తలకిందులవుతుంది. నా వాదనలో కష్టమైన భాగం ఇదే. హైదరాబాద్ కేంద్రంగా చౌరస్తా అనే బృందం జానపదాన్ని, రెగేను కలిపి తెలుగులో సొంత పాటలు కట్టింది. ‘ఊరెళ్ళిపోతా మామా’ అనే పాట నోళ్ళలో నలిగింది. కరోనా మొదలైన రోజుల్లో వాళ్ళు చేసిన జాగ్రత్త పాట వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత బయటకు వచ్చి 2021లో ‘జాతిరత్నాలు’కు చిట్టి పాట పాడాడు, 2022లో ‘డీజే టిల్లు’ శీర్షిక పాట స్వరపరచి పాడాడు. బృందంలో ఉండగా తెలియనివాళ్ళకు కూడా సినిమా పాటతో తెలిశాడు. అందులో అతని తప్పు లేదు, మన ఏర్పాటే అలాంటిది. 2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసీమియా బాధితుల సహాయార్థం ఎన్టీఆర్ ట్రస్టు సినీ సంగీత దర్శకుడు తమన్ సంగీత విభావరి పెట్టింది. ఉద్దేశం మంచిది, జనం పోటెత్తారు. విభావరి అంటే సినిమా పాటే అని అందరం ముందే ఒప్పేసుకున్నాం. ఈ ఊళ్ళో తెలుగు రాక్ బృందం వేదికెక్కిందంటే రెండో పాటకే కింద నుంచి సినిమా పాట అడుగుతారు. ఇక్కడ అడిగేవాడికి నేను వాటా ఒప్పుకోను. వాటా అన్నది ఆ బృందం పాటలు వినివిని, వాటిని తన గొంతులో పెట్టుకుని వచ్చినవాడికి పుడుతుంది. బృందం పేరే ఆ సాయంత్రం మొదటిసారి విన్నవాడు వాళ్ళని పాడమంటున్నది ఇంకొకరి పాట. అది అభిమానం కిందకు రాదు, ఆర్కెస్ట్రాను మాట్లాడుకోవడం కిందకు వస్తుంది.

సినిమా పాట మంచిది కాదా అని అడగవచ్చు. చాలా మంచిది. చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారి పాట విని పెరిగిన డెల్టాలో సినిమా పాటను తక్కువ చేసేవాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు. అయినా సినిమా పాట విడుదలకు ముందే సన్నివేశం, హీరో, ప్రచారం, టీవీ అన్నీ దాని తరఫున పనిచేస్తాయి. సొంత పాట కట్టుకున్న బృందానికి ఉన్నది వేదిక ఒక్కటే. ఆ వేదిక మీద కూడా సొంత పాట పాడనివ్వకపోతే, పదేళ్ళ తర్వాత పాతది పాడండి అని అడగడానికి ఆ బృందం దగ్గర పాతదంటూ ఏదీ మిగలదు.

అందుకే వడ్డేశ్వరం నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఈ చుట్టుపక్కల కాలేజీల్లో ఏటా ఉత్సవాలు జరిపే విద్యార్థి సంఘాల వాళ్ళకు ఒక మనవి. బృందంతో మాట్లాడుకునేటప్పుడే మొదటి ముప్పావు గంట వాళ్ళ సొంత పాటలకే అని కాగితం మీద రాసుకోండి. ఆ పాటల లంకెలు వారం ముందే విద్యార్థుల ఫోన్లకు పంపండి, రెండు మూడు సార్లు విని వస్తారు. సినిమా పాటల కోరికలకు చివరి అరగంట ఉంచండి. వినేవాళ్ళను కోరేది కూడా ఇంతే. కొత్త ఆల్బమ్ మీద మాట అనే ముందు నాలుగు సార్లు వినండి, విన్నాక ఏ పాటలో ఏది కుదరలేదో చెప్పండి. కచేరీకి వెళ్ళినప్పుడు మాత్రం మొహమాటపడకుండా మీకు నచ్చిన పాత పాట గట్టిగా అడగండి, అది మీ వాటా.